గీతలు లేని ఇనుము

బెంగళూరు,
20–10–2024

మామకు,

క్షేమంగా చేరాను. ఫోను చేస్తే అత్త ఎత్తుతుంది. పక్కనుండి నువ్వు "ఏమంటాండాది? ఏమంటాండాది అది?" అని అరుస్తావు. చివరికి ముగ్గురికీ గొంతు పోతుంది. గనిలో డ్రిల్లింగు మిషన్లు బాగుచేసీ చేసీ నీ చెవులు పోయాక మనకు కాగితమే గతి. మెసేజి పెట్టు మామా అంటే, నీ లావు వేలితో ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయని ఫోను మంచం మీదికి విసిరేస్తావు.

ఆయుధ పూజ ఇంకా కళ్లలోనే ఉంది. నీ రెంచీలు, సుత్తులు, అత్త కత్తిపీట, వాటి పక్కన నా గోల్ఫు కర్రలు. "ఈటిక్కూడా టెంకాయ కొడ్తావా అన్నా?" అని గనిలో నీ జతగాడు ఏసేపన్న నవ్వితే నువ్వు "రేపు దీనికి కూడు పెట్టేది ఇవేరా" అన్నావు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. భయం వేసింది.

ఎందుకంటే డిసెంబరు మొదటి వారంలో అర్హత పోటీ ఉంది. అందులో నెగ్గితే ప్రొఫెషనల్ కార్డు ఇస్తారు, ఆడి సంపాదించుకోవచ్చు. లేకపోతే ఇంకో ఏడాది పత్తికొండలో నాన్న పండించే టమాటాల మీద బతకాలి.

నువ్విచ్చిన కర్రల్లో మూడో నంబరు, నాలుగో నంబరు ఐరన్లు మీ ఇంట్లోనే వదిలి వచ్చాను. మరిచిపోయానని అనుకోకు. పూజలో పెట్టినవి వెంటనే ఎత్తకూడదని అమ్మ చెబుతుంది కదా, అందుకు.

ఒక మాట అడగాలి. ఆ పొడుగు ఐరన్లు మానేసి హైబ్రిడ్లు పెట్టుకోమంటున్నాడు కోచ్ సారు. హైబ్రిడ్ అంటే తల కాస్త బొద్దుగా ఉంటుంది, దానికి ఊలు టోపీ కూడా తొడుగుతారు. బంతిని సులువుగా పైకి లేపుతుంది, లేచిన బంతి మెత్తగా దిగి ఆగుతుంది. పొడుగు ఐరన్‌తో బంతి నేలబారుగా పోయి దొర్లుతుంది, నడిమధ్యలో తగలకపోతే చేతులు జివ్వుమంటాయి. ఇక్కడ అమ్మాయిలెవరూ వాటిని వాడటం లేదు. నువ్వేమంటావు?

అత్తకు చెప్పు, ఓళిగలు రూములో ఒక్క పూట కూడా నిలవలేదని.

నీ లీల


మంగంపేట,
30–10–2024

లీలమ్మకు,

నీ జాబు ముందు మీ అత్త గంగక్క చదివి, ఆనక నా చేతికిచ్చింది. ఈ ఇంట్లో నా పేరున వచ్చినదైనా నాది రెండో పంక్తి.

హైబ్రిడ్ అనే మాట చూడగానే మీ నాయన గుర్తొచ్చాడు. మార్కెట్టుకు తోలేది హైబ్రిడ్ కాయ, ఇంట్లో పులుసుకు మాత్రం గట్టు మీది నాటుకాయ! నీ కర్ర కూడా అట్లాంటిదేనేమో. అయినా కర్రకు టోపీ ఎందుకే? దానికేమైనా జలుబు చేస్తుందా? చేతులు జివ్వుమంటాయంట. నువ్వు కోయిలకుంట్ల వీరభద్ర మేనకోడలివి. ముప్పై ఏండ్లు మిషన్ల మధ్య పనిచేసిన చేతులు నావి, ఇంకా జివ్వుమంటూనే ఉన్నాయి, ఏమైంది? నడిమధ్యలో కొట్టడం నేర్చుకో, అంతేగానీ కర్రను మార్చడమేంది?

నువ్వు మా ఇంట్లో ఉండి బడికి పోయే రోజుల్లో, మన గనిలో ఇంజనీరుగా ఉన్న శ్రీనివాసులు సారు మట్టి దిబ్బ మీద చదును చేసుకొని గోల్ఫు ఆడుతుంటే, నువ్వు గౌను ఎత్తి కట్టి బంతులేరేదానివి. ఒకనాడు ఆ మూడో నంబరు తీసుకొని కొడితివి. బంతి లోడింగు షెడ్డు దాటింది. సారు నోరు తెరిచి చూసినాడు. ఆయనకు బదిలీ అయినప్పుడు ఆ కర్రలు నేనే అడిగి తీసుకొన్నా. ఇప్పటికీ ఏ పెండ్లికి పోయినా ఆ కత చెప్తా. మీ అత్త కాలు తొక్కుతుంది, అయినా చెప్తా.

కానీ లీలా, ఒక సిగ్గు నన్ను అప్పటినుంచీ తింటాంది. అవి ఒకరు వాడి పారేసినవి. మొహం నిండా గీతలు, తుప్పు గుంటలు. కడుపున పుట్టిన పిల్ల లాంటిదానికి పాత సామాను ఇస్తినే అని. నేను పనిలో చేరిన కొత్తల్లో మా మేస్త్రి నేర్పిన మొదటి పాఠం ఇది: "సుత్తి మొగం నున్నగా ఉండాలప్పా. సుత్తి మీద గీత ఉంటే పని మీద గీత పడ్తాది." కొట్టే వస్తువు ఏదైనా అంతే కదా.

ఈసారి అవి నా ఇంట్లో చిక్కినాయి. ఏం చేశానో రాయను. బస్సు పార్శిల్లో వస్తాయి, విప్పి నీ మొహం నువ్వే చూసుకో.

డిసెంబరులో నేనూ ఏసేపూ వస్తాం. నువ్వు దానితో కొట్టేది నా కండ్లతో చూడాల.

మీ మామ
వీరభద్ర


బెంగళూరు,
12–11–2024

మామకు,

పార్శిలు అందింది. గోనె విప్పితే లోపల నీ పాత పంచె ముక్క, దాని లోపల పత్తి, దాని లోపల ఐరన్లు. నువ్వు చెప్పినట్టే నా మొహం కనపడింది. పళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఒక్క గీత మిగల్లేదు మామా. ఎన్ని రోజులు ఆ మెరుగు పెట్టే బఫింగు చక్రం దగ్గర నిలబడ్డావో, ఆ నడుముతో! రూములో అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకొని చూశారు. కోచ్ సారు కూడా మూడో నంబరును తిప్పి తిప్పి చాలాసేపు చూశాడు. "ఎవరు చేశారు?" అన్నాడు. మా మామ అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

సంచిలో పద్నాలుగు కర్రలే ఉండాలని నియమం. ఒకటి పెట్టాలంటే ఒకటి తీయాలి. నీ మూడో నంబరు పెడతాను. హైబ్రిడ్ మాట నేను ఎత్తలేదనుకో.

అయితే నువ్వు రావడం గురించి. కోడూరు నుంచి రాత్రంతా బస్సు, నీ మోకాళ్లు చూస్తే అట్లా ఉన్నాయి. ఇక్కడ గోల్ఫు చూడటం అంటే మైళ్ల కొద్దీ నడక. పైగా మాట్లాడకూడదు మామా. ఆడేవాళ్లు కర్ర ఎత్తితే దగ్గు కూడా ఆపుకోవాలి. నీకు విసుగు పుడుతుంది. వాన కూడా పడుతోంది. వచ్చే ఏడాది ఏదైనా పెద్ద పోటీకి రావచ్చులే.

తప్పుగా అనుకోవద్దు.

నీ లీల


మంగంపేట,
21–11–2024

లీలమ్మకు,

జాబు అందింది. తప్పుగా అనుకోవద్దు అని రాస్తివి చూడు, అది చదివినాకనే తప్పుగా అనుకొన్నా.

నా మోకాళ్ల మీద నీకు ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్లూ తెలీదు. మీ అత్త అంటుంది, "నీ గొంతు, నీ తువ్వాలు, నీ పంచె. ఆడ అంతా ప్యాంట్లోళ్లు. పిల్లకు నామోషీగా ఉంటాదేమో, పోవద్దులే" అని. నేను ఒప్పుకోలేదు. నా లీల అట్లాంటిది కాదు అన్నా. మంగంపేట దుమ్ములో నా సైకిలు ముందు కడ్డీ మీద కూర్చొని బడికి పోయిన పిల్ల అది.

వస్తాం. ఏసేపు ఇప్పటికే టీ అంగడిలో అందరికీ చెప్పేసినాడు, ఇక ఆగితే పరువు పోతుంది. నేను మాట్లాడను. కావాలంటే నోటికి తువ్వాలు కట్టుకుంటా. మీ అత్త నీ స్నేహితులకు ఓళిగలు చేసి పంపుతుంది.

వీరభద్ర


బెంగళూరు,
9–12–2024

మామకు,

చెప్పకుండా ఎందుకు వెళ్లిపోయావు?

స్కోరు కార్డుల బల్ల దగ్గర సంతకం పెట్టి వచ్చేసరికి నువ్వు లేవు. గేటు దగ్గర కాపలా ఆయన ఓళిగల డబ్బా నా చేతిలో పెట్టాడు. గదికి వచ్చి చూస్తే సంచిలో మూడో నంబరు ఐరన్ కూడా లేదు. పెట్టిన చీరను వెనక్కి తీసుకున్నట్టు తీసుకుపోయావు కదా. నాకు కోపం లేదు. తీసుకుపోవాల్సిందే.

నాకు తెలుసు, నువ్వు విన్నావు. చివరి గుంట దగ్గర జరిగింది నేనే రాస్తాను, రాయకపోతే నాకు ముద్ద దిగదు. ఆ గుంటను నాలుగు దెబ్బల్లో ముగిస్తే కార్డు వచ్చేది. రెండో దెబ్బకు మూడో నంబరు తీశాను. తాడు అవతల నువ్వు మడమలెత్తి నిలబడ్డావు. బంతి నేరుగా పోయి జెండా ఉన్న పచ్చిక మీద పడింది. నువ్వు తువ్వాలు గాల్లో తిప్పి "శబాష్ లీలా! కొడ్తివి గదే నా తల్లీ!" అని అరిచావు, చప్పట్లు కొట్టావు. అక్కడ ఉన్న అంత మందిలో నువ్వొక్కడివే కొట్టావు. మిగతావాళ్లకు తెలుసు, బంతి ఇంకా ఆగలేదని. అది అట్లాగే దొర్లుకుంటూ పోయి వెనకున్న నీళ్లలో పడింది. నువ్వు ఇంకా కొడుతూనే ఉన్నావు.

అప్పుడు పోటీ చూసుకునే ఆయన వచ్చి, "ఎవరాయన? మీ మనిషా?" అని అడిగాడు. పక్కన నాతో ఆడే అమ్మాయిలు ఉన్నారు. నేను "మా ఊరాయన" అన్నాను.

మామ అనలేదు.

నువ్వు మా వైపే చూస్తున్నావు. నీ మొహం వాడిపోయింది. నా మాట విన్నావు, అందుకే వెళ్లిపోయావు. ఆ గుంటకు ఆరు దెబ్బలు పట్టాయి. కార్డు పోయింది. గాలి తిరిగింది, అందుకే నీళ్లలో పడింది. అది ఎవరి తప్పూ కాదు. నిన్ను ఊరాయన అనడమే నా తప్పు.

తిట్టు మామా. తిడుతూనైనా ఒక ముక్క రాయి.

లీల


మంగంపేట,
17–12–2024

లీలకు,

ఆ మాట నాకు వినపడలేదు.

పక్కన ఉరుము పడినా వినపడని చెవులివి, అంత దూరాన నువ్వు అన్న మాట ఎట్లా వినపడుతుంది? నా మొహం వాడింది బంతి నీళ్లలో పడినందుకు. నువ్వు రాయకపోతే నాకు తెలిసేదే కాదు. తెలిసినాక, అబద్ధం ఎందుకు, పలక మీద రాసినట్టు ఆ మాట కంటి ముందర నిలబడే ఉంది. మీ అత్తతో నా లీల అట్లాంటిది కాదని పందెం వేసినట్టు చెప్పి వచ్చినోణ్ణి. ఈ ఒక్క జాబు మాత్రం ఆమె చదవకముందే చింపేసినా.

సరే. నువ్వు అన్నది ఒక మాట. నేను చేసింది చూడు.

నువ్వు సంతకం పెట్టేదానికి పోయినాక, ఏసేపూ నేనూ ఆడ కర్రలమ్మే అంగట్లోకి పోతిమి. నీకు కొత్త మూడో నంబరు ఒకటి చూద్దామని. అద్దాల అరలో వరసగా పెట్టినారు. కాగితం కూడా విప్పని కొత్తవి. ప్రతిదాని మొహం మీదా గీతలు. అవే గీతలు లీలా, పాళీతో గీసినట్టు సమంగా. "ఏమప్పా, కొత్తవాటికి ఈ గీతలేందప్పా?" అని అడిగితి. అంగడాయన చెప్పినాడు, నాకు వినపడలేదు. ఏసేపు నా చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పినాడు: "ఆ గీతలే బంతిని పట్టేదంట అన్నా! గడ్డి తడిగా ఉంటే అవి లేకపోతే బంతి జారతాదంట! తిరగదంట! ఆగదంట!" అంగట్లో అందరూ విన్నారు. సిగ్గుతో నా తల ఎత్తబుద్ధి కాలేదు.

ముప్పై ఏండ్ల ఫిట్టరును. ప్రతి పనిముట్టుకూ ఒక కారణం ఉంటుందని పిల్లోళ్లకు నేర్పించినోణ్ణి. గీతలు అంత సమంగా ఎందుకున్నాయని ఒక్కసారైనా ఆలోచించలేదు. పాతవని సిగ్గుపడితినే గానీ ఎందుకున్నాయని అడగలేదు. నీ నోటి దగ్గరి కూడు నా చేతులతోనే నున్నగా రుద్ది పారేస్తి. పైన చప్పట్లు కూడా కొడ్తి.

ఏ మొహం పెట్టుకొని నీకోసం నిలబడాల? అందుకే ఆ కర్రను బయట పెట్టిన నీ సంచిలోంచి తీసుకొని వచ్చేస్తి. కోపంతో కాదు, దాన్ని నువ్వు ఇంకోసారి ముట్టుకోకూడదని. గాలి తిరిగిందని రాస్తివి. ఆ పొద్దు ఆకు కూడా కదల్లేదు. నాకు చెవులు లేవుగానీ కండ్లు ఉండాయి. నన్ను కాపాడేదానికి అబద్ధం రాయొద్దు.

బఫింగు చక్రం విప్పి అటకెక్కించినా. పెండ్లిండ్లలో ఆ కత ఇంక చెప్పను. ఇకమీదట ఆయుధ పూజకు నీ సామాను మా ఇంటికి తేవద్దు.

వీరభద్ర


బెంగళూరు,
26–12–2024

మామకు,

నీ జాబు చదివి చదివి మడతల దగ్గర చిరిగింది. ఇన్నాళ్లూ నీకు సగం సగం రాశాను. ఈసారి మొత్తం రాస్తాను, చదివాక నన్ను ఇంటికి రానిస్తావో లేదో నీ ఇష్టం.

నేను హైబ్రిడ్లకు మారి చాలా కాలమైంది. పోయిన ఉగాదికి ముందే. కోచ్ సారు చెప్పాడు, నాకూ నచ్చింది, నా ఆట బాగుపడింది. నీకు చెప్పడానికి నోరు రాలేదు. ఫలానా పెండ్లిలో మామ నా మూడో నంబరు కథ చెప్పాడని అమ్మ ఫోనులో చెప్పినప్పుడల్లా ఇంకోసారి చెబుదాంలే అని వాయిదా వేసేదాన్ని. దసరాకు ఆ ఐరన్లను వదిలించుకోవడానికే తెచ్చాను. పూజలో పెట్టినవి ఎత్తకూడదని అమ్మ అనలేదు. నేనే కల్పించాను. కోచ్ సారు అంటున్నాడు, నువ్వేమంటావు అని రాశాను చూడు, అప్పటికే నా సంచిలో టోపీ పెట్టుకున్న కర్ర ఉంది. నువ్వు సరే అంటే నిజం చెప్పినట్టవుతుందని ఆశ. నువ్వు అనలేదు.

పార్శిలు విప్పిన క్షణమే తెలిసింది, గీతలు పోయాయని. కోచ్ సారు "ఇది గోడకు తగిలించుకో" అన్నాడు. పోటీనాడు పొద్దున హైబ్రిడ్ తీసి మంచం కింద పెట్టి నీ ఐరన్ సంచిలో పెట్టాను. నువ్వు తాడు అవతల ఉంటావు, ఒక్కసారైనా దాన్ని నా చేతిలో చూడాలి అని. వాడాల్సి రాదులే అనుకున్నాను. చివరి గుంట దగ్గర సరిగ్గా ఆ దూరమే వచ్చింది. తక్కువ దూరం కొట్టి జాగ్రత్తగా ఆడి ఉండొచ్చు. నీ మొహం చూశాను, దాన్నే తీశాను.

కాబట్టి గీతలను అనకు. గీతలున్నా ఆ బంతి ఆగేది కాదేమో. ఇన్ని నెలలు చేత్తో పట్టని కర్ర అది. పోగొట్టింది నీ చక్రం కాదు, నా నోరు. చెప్పాల్సినప్పుడు తెరుచుకోలేదు, మూసుకోవాల్సినప్పుడు ఊరాయన అంది.

నిన్న ఆ మైదానానికి వెళ్లాను. పోటీ చూసుకునే ఆయనను వెతికి పట్టుకొని, "ఆ రోజు చప్పట్లు కొట్టినాయన మా సొంత మేనమామ, నాకు ఆట ఇచ్చినాయన" అని చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి, "ఏ రోజు?" అన్నాడు. ఆయనకు గుర్తే లేదు. అంత సిగ్గుపడి నేను దాచింది ఎవరి దగ్గరో చూశావా?

అర్హత పోటీ మళ్లీ వచ్చే డిసెంబరులోనే. ఆడతాను. హైబ్రిడ్లతోనే ఆడతాను మామా. ఇది అడగడం లేదు, చెబుతున్నాను.

నీ మేనకోడలు
శివలీల


మంగంపేట,
5–1–2025

లీలమ్మకు,

ఈ జాబు మీ అత్తకు కూడా ఇచ్చినా. చదివి నన్ను తిట్టింది, నిన్ను కాదు. "పిల్ల నిజం చెప్పేదానికి భయపడేంత గట్టిగా ఎందుకు మురుస్తావు నువ్వు?" అనింది. నాకు సంతోషంగా ఉంటే నీకు బరువుగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. నా కత కోసం నువ్వు నీ ఆట పోగొట్టుకుంటివి. గీతలు రుద్దినదానికన్నా ఇది పెద్ద సిగ్గు నాకు.

నువ్వు చేసినదానికి రెండు దెబ్బలు వేయాల్సిందే. వచ్చినప్పుడు వేస్తా. ఊరాయన మాట మాత్రం మరిచిపోయినా అని రాయలేను. మరిచిపోతా.

మూడో నంబరును గని దిబ్బ మీద పారేద్దామని బయలుదేరితే మీ అత్త వాకిట్లోనే లాక్కొనింది. దేవుని గూటి పక్కన మేకు కొట్టి తగిలించింది. పొద్దున్నే స్నానం చేసి దాని మొహంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకుంటాంది. "పెండ్లయినప్పట్నుంచి మంచి అద్దం తెమ్మంటే ఇప్పటికి తెచ్చినావు" అంటాంది. ఏసేపు వచ్చి మీసం దువ్వుకొని పోయినాడు.

హైబ్రిడ్లతో ఆడతానని చెప్పినావు, అడగలేదు. అట్లాగే ఉండాల.

దసరాకు వాటిని తీసుకొని రా. సామాను తేవద్దని రాసినది కొట్టేసుకో. నేను ముట్టుకోను, టోపీలు కూడా తీయను. పసుపు కుంకుమ నువ్వే పెట్టు. టెంకాయ మాత్రం నేను కొడతా.

డిసెంబరుకు నేను రావాల్నా వద్దా అనేది నువ్వే రాయి. వద్దంటే ఈసారి తప్పుగా అనుకోను. రమ్మంటే మాత్రం దూరంగా, నువ్వు చూపించిన కాడ నిలబడతా. బంతి ఆగినాకనే చప్పట్లు కొడతా.

మీ మామ
వీరభద్ర